వచ్చీసినట్టే

ద్వారకానగర్లో జెరాక్స్ షాపు మీద రెండో అంతస్తు.
ఉప్పుగాలికి చెమ్మగిల్లిన బోర్డు మీద
సుద్దముక్క సగం రాస్తుంది, సగం జారుతుంది.
ఒకందుకు అదీ మంచిదే,
ఇవాళ చెప్పాల్సినవన్నీ సగం సగం మాటలే.

కింది నుంచి పైకి మెట్లు గీశాను.
అట్టడుగున బేర్లీ. ఆ పైన స్లైట్లీ.
ఫెయిర్లీ అంటే ఓ మోస్తరు.
రాదర్ అంటే మనం అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే,
అదీ కొంచెం మొహం చిట్లించి.
చిట్టచివర ఎక్స్‌ట్రీమ్లీ.
"సింహాచలం కొండెక్కినట్టుందండీ"
అంది వెనక బెంచీ.

లిఫ్టులు బాగుచేసే అప్పలకొండ లేచి
'ఐ వర్క్ హార్డ్లీ' అన్నాడు ఛాతీ విరిచి.
గోళ్ళ సందుల్లో గ్రీజు.
ఆ చేతుల్ని చూస్తూ, ఆ మాటకి
'పని చేసీ చెయ్యనట్టు' అని అర్థం ఎలా చెప్పను?
చెప్పాను.
మూడు ఇంటర్వ్యూల్లో అదే అన్నాడట పాపం.

నర్సింగ్ చదివే ఝాన్సీరాణి
'ద సీ ఈజ్ క్వైట్' అని రాసి ఆపేసింది.
నిశ్శబ్దం అనబోయి అక్షరం అటుదిటు చేసింది.
"సముద్రం చాలా... చాలా ఏమిటమ్మా?" అన్నాను.
సముద్రం వైపు, అంటే ఎదుటి బ్యాంకు గోడ వైపు చూసి
"చాలానే కదండీ" అంది.
మార్కు వెయ్యాలా వద్దా!

మూడో బెంచీలో గనగళ్ళ సత్యవేణి.
ఫిషింగ్ హార్బర్లో పొద్దంతా రొయ్యలు ఒలిచి వస్తుంది,
వేలికొసలు తెల్లగా నాని ఉంటాయి.
ఉద్యోగానికి కాదు,
ఒక్క కాగితం కోసం చేరింది.
మడతల దగ్గర చిరుగుతోందది.
ఏడో గడిలో అడిగారు,
పడవ ఒడ్డుకి ఎంత దూరంలో ఉండగా, అప్రాక్సిమేట్లీ, అని.

"అంటే ఏటండి?"
సుమారుగా, అన్నాను. రమారమి. ఇంచుమించు.
దరిదాపు...
దరి అన్న ముక్క నోట్లోంచి వచ్చాక గానీ వినపడలేదు నాకు.

తమ్ముడి ఆఖరి ఫోను
పొల్లుపోకుండా అప్పజెప్పింది:
"లైటౌసు కనపడతంది. వచ్చీసినట్టే అప్పా.
నాకు అంబలుంచు."
"ఇది ఇంగిలీసులో ఎలాగ రాయాలండి?"

ఆల్మోస్ట్ అనొచ్చు. నియర్లీ అనొచ్చు.
కానీ ఆల్మోస్ట్ అంటే రాలేదనే.
ఎంత దగ్గరికొచ్చినా రాలేదనే.
వచ్చీసినట్టే అంటే అలా కాదు,
గిన్నె కడిగి పెట్టేసుకోవచ్చు.

మనకి దీనికో విడి మాట అక్కర్లేదమ్మా,
క్రియకే తోక తగిలిస్తాం:
పడబోయాడు, లేవబోయాడు, చేరబోయాడు.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే చెబుతున్నాను.
ఆ తోకలో ఒకడు పోయాడని
ఇవాళే విన్నాను.

మాకు బెల్లు లేదు.
కింద జెరాక్స్ మిషను ఆగితే క్లాసు అయిపోయినట్టే.
ఆగింది.
ఏడో గడి నింపి తెచ్చింది సత్యవేణి:
'ఫోర్ ఫైవ్ కిలోమీటర్స్.'
ముందు అబౌట్ లేదు, మధ్యలో ఆర్ లేదు.
మన అంకెలు ఇంతే, జంటగా తిరుగుతాయి,
రెండుమూడు, నాలుగైదు, పదీపన్నెండు.
ఒంటరిగా పంపితే అబద్ధమాడతాయని కాబోలు.

ఎర్రపెన్ను మూత తీశాను.
నాలుక్కీ ఐదుకీ మధ్య
ఒక వేలు పట్టేంత ఖాళీ వదిలింది.
"ఆ మద్దినెక్కడోనండి" అంది.

మూత పెట్టేశాను.

మెట్లు దిగుతూ అప్పలకొండ
హార్డ్, హార్డ్, హార్డ్ అని
బట్టీ పడుతున్నాడు.